రాహుకాలం దాటాక గీకితే తగులుతుందా?

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మావారు సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తారు. తాగుడు, పేకాట లాంటి అలవాట్లు ఏవీ లేవు. కిందటేడాది ఒక ఫ్రెండ్‌తో గ్యాస్ స్టేషన్‌కి వెళ్లి సరదాగా స్క్రాచ్ లాటరీ టికెట్ కొంటే 500 డాలర్లు తగిలింది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం కొంటున్నారు. ఊరికే కొనరు, దానికో పద్ధతి ఉందంటారు. టికెట్ నంబరు 9తో ముగియాలి. రాహుకాలం ఉండకూడదు. తిరుమలలో చిల్లరగా వచ్చిన రూపాయి బిళ్లతోనే గీకాలి, అదీ కింది వరస నుంచి పైకి. కౌంటర్‌లో ఉండే తెలుగు అబ్బాయిని ఏ రోల్‌లో చాలాసేపటి నుంచి ఏమీ తగల్లేదో అడిగి అందులోంచే తీసుకుంటారు. ఒకసారి నేను పక్కనుండగా వరసగా అన్నీ పోయాయి. ఇప్పుడు "నువ్వు కార్లోనే కూర్చో" అంటారు.

ఎక్సెల్‌లో లెక్క రాస్తారు. చూశాను. ఏడాదిలో టికెట్ల ధర మొత్తం 3,120 డాలర్లు, వచ్చిన ప్రైజులు 2,100. "జేబులోంచి పెట్టింది వెయ్యే, గెలిచింది రెండు వేల పైన, నా సిస్టమ్ పనిచేస్తోంది" అంటారు. టొరంటోలో మన ఇండియన్ ఒకాయన స్క్రాచ్ కార్డుల గుట్టు కనిపెట్టాడని కూడా చెబుతారు. ఇందులో నిజమెంత? నేను అనవసరంగా గొడవ పడుతున్నానా?

ఇంకో మాట. తెనాలి దగ్గర మా ఊళ్లో అత్తగారికి పోస్టులో ఒక స్క్రాచ్ కార్డు వచ్చింది. గీకితే కారు తగిలిందట. ముందు ట్యాక్స్ కట్టమంటున్నారు. ఏం చెయ్యాలి?

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు మీవారే ఆ ఎక్సెల్‌లో రాసిపెట్టారు. అక్కణ్నుంచే మొదలుపెడదాం.

3,120 పెడితే 2,100 వచ్చింది. డాలరుకు 67 సెంట్లు. అమెరికాలో స్క్రాచ్ టికెట్ల మీద వచ్చిన డబ్బులో సుమారు 60 నుంచి 75 శాతం దాకా ప్రైజులుగా వెనక్కి ఇస్తారు. చౌక టికెట్లలో తక్కువ, ఖరీదైనవాటిలో కాస్త ఎక్కువ. రాహుకాలం అనే మాటే వినని మనిషి, కౌంటర్‌లో అబ్బాయి ఏది చింపి ఇస్తే అది తీసుకుని, కారు తాళంచెవితో గీకినా అటూ ఇటూగా ఇంతే వస్తుంది. ఒక ఏడాది కొంచెం ఎక్కువ, ఒక ఏడాది కొంచెం తక్కువ. మీవారి సిస్టమ్ ఆయన్ని ఆ మామూలు మనిషి కంటే ఒక్క మెట్టు కూడా పైకి ఎక్కించలేదు.

మరి "పెట్టింది వెయ్యి, గెలిచింది రెండు వేలు" అనే లెక్క ఎలా వచ్చింది? ఆయన అబద్ధం చెప్పడం లేదు. జేబులోంచి తీసింది నిజంగానే 1,020. ప్రైజులు నిజంగానే 2,100. ఆ 2,100 ఇప్పుడు ఎక్కడుందో మాత్రం అడగండి. ఎక్కడా లేదు. ఇరవై తగిలితే ఆ ఇరవైతో అక్కడే ఇంకో రెండు టికెట్లు తీసుకున్నారు. వంద డాలర్లతో మొదలుపెట్టారనుకోండి, మొదటి విడతలో 67 వస్తుంది. ఆ 67 మళ్లీ పెడితే 45. ఆ 45 పెడితే 30. తర్వాత 20. ఈ నాలుగు విడతల్లో "గెలిచింది" కూడితే 162 డాలర్లు అవుతుంది, చేతిలో ఉన్నది మాత్రం ఇరవై. ఒకే నోటు కౌంటర్ మీద అటూ ఇటూ తిరుగుతూ ఉంటే, ఇటువైపు వచ్చినప్పుడల్లా గెలుపు కింద రాస్తున్నారన్నమాట. మీవారికి జమాఖర్చు తెలియక కాదు. గెలుపు గుర్తుండిపోతుంది, దానితో మళ్లీ కొన్న టికెట్ గుర్తుండదు. నాకు తెలిసి ఈ పొరపాటు చెయ్యని ఆటగాడు లేడు.

ఇప్పుడు టికెట్ సంగతి. 1974లో మసాచుసెట్స్‌లో కంప్యూటర్‌తో తయారుచేసిన మొదటి ఇన్‌స్టంట్ లాటరీ టికెట్లు వచ్చాయి. అప్పట్నుంచి పద్ధతి మూలంలో ఒకటే. ఒక గేముకు ఎన్ని టికెట్లు ముద్రించాలో, వాటిలో ఎన్నిటికి ఏ ప్రైజు పెట్టాలో ముందే తేల్చి, కలగలిపి ముద్రిస్తారు. షాపుకు వచ్చేసరికి ప్రతి టికెట్ జాతకం రాసేసి ఉంటుంది. గీకడం వల్ల ఏదీ కొత్తగా జరగదు. పాసో ఫెయిలో అచ్చయిపోయిన మార్కుల కవరును మంచి ముహూర్తం చూసి విప్పడం లాంటిదే ఇది. కింది వరస నుంచి గీకినా, పై వరస నుంచి గీకినా అడుగున ఉన్న అంకెలు కదలవు.

ఒక్క నంబరు తేడాతో పోయిందని కూడా మీవారు అంటూ ఉంటారని నా అనుమానం. టికెట్ గీకితే గెలిచే నంబరు 27, తన నంబరు 26. "అబ్బ, కొద్దిలో తప్పింది!" అనిపిస్తుంది. క్రికెట్‌లో బంతి వికెట్‌ను రాసుకుంటూ పోతే కొద్దిలో తప్పింది అనడంలో అర్థం ఉంది, బంతి నిజంగా అటు వెళ్లింది కాబట్టి. టికెట్ మీద 26 ఎటూ వెళ్లలేదు. తగలని టికెట్ మీద ఏదో ఒక అంకె వెయ్యాలి కాబట్టి వేశారు. అక్కడ 3 ఉన్నా అంతే పోయింది, 26 ఉన్నా అంతే పోయింది. కానీ 26 చూసినవాడే ఇంకో టికెట్ అడుగుతాడు.

9తో ముగిసే నంబరు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రోల్‌లో టికెట్లు వరసగా ఉంటాయి, 9 రావాలంటే ముందున్న వాళ్లు కొనేదాకా ఆగాలి. "మీరు కానివ్వండి" అని పక్కకు జరిగి నిలబడతారేమో పాపం. ఏరుకున్న టికెట్ మీద మనసు ఎలా పెరుగుతుందో మాత్రం చెప్పాలి. ఎలెన్ లాంగర్ అనే సైకాలజిస్ట్ 1975లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఆఫీసుల్లో పనిచేసే వాళ్లకు ఒక్కో డాలరుకు లాటరీ టికెట్లు అమ్మించారు. కొందరు తమ టికెట్ తామే ఏరుకున్నారు, మిగతావాళ్లకు చేతికి ఏది వస్తే అది ఇచ్చారు. తర్వాత "మీ టికెట్ అమ్ముతారా, ఎంతకిస్తారు?" అని అడిగితే, ఇచ్చింది పుచ్చుకున్నవాళ్లు సగటున 1.96 డాలర్లు చెప్పారు. ఏరుకున్నవాళ్లు 8.67 చెప్పారు. గెలిచే అవకాశం ఇద్దరికీ సమానమే.

రోల్ మాటకొస్తే మాత్రం మీవారిని పూర్తిగా కొట్టిపారెయ్యలేను. అందులో ఒక నిజం ఉంది. టికెట్లు షాపుకు బుక్కులుగా వస్తాయి, కౌంటర్‌లో కనిపించే రోల్ అంటే అలాంటి ఒక బుక్కే. చాలా గేముల్లో ఒక్కో బుక్కులో చిన్న ప్రైజులు కలిపి ఇంత మొత్తానికి తగ్గకుండా ఉండేలా చూసి ముద్రిస్తారు. ఏ షాపులోనైనా బుక్కు బుక్కంతా ఖాళీగా పోతే కొనేవాళ్లు మళ్లీ రారు కదా. కాబట్టి ఒకే బుక్కులో చాలా టికెట్లు ఖాళీగా పోయాయని ఖాయంగా తెలిస్తే, మిగిలిన వాటిలో చిన్న ప్రైజులు కాస్త ఎక్కువే ఉంటాయి.

లెక్క కోసం ఒక బుక్కు ఊహించుకుందాం. 10 డాలర్ల టికెట్లు 50, మొత్తం 500 డాలర్లు. చిన్న ప్రైజులు 250 డాలర్లకు తగ్గవు. మొదటి ముప్పై టికెట్లలో అరవై డాలర్లే తగిలాయని మీవారికి తెలిసింది. ఇక మిగిలిన ఇరవై టికెట్లలో కనీసం 190 డాలర్లు ఉన్నాయి. బాగుంది. కానీ ఆ ఇరవై టికెట్లు కొనడానికి 200 పెట్టాలి. అంత చచ్చు బుక్కు దొరికినా చిన్న ప్రైజుల మీద అసలు గిట్టదు. అంతకంటే ఘోరంగా పోయిన బుక్కు దొరికితే నాలుగు డాలర్లు మిగలొచ్చు, కాదనను. కానీ అది తెలియాలంటే ఆ బుక్కు మొదటి టికెట్ చింపిన దగ్గర్నుంచి కౌంటర్ దగ్గరే నిలబడి చూడాలి. సగం మంది టికెట్ తీసుకుని కారెక్కి ఇంటికి పోయి గీకుతారు. తగిలితే ఇంకో షాపులో డబ్బు తీసుకుంటారు. కౌంటర్‌లో కుర్రాడు "పొద్దుట్నుంచి ఏం తగల్లేదన్నా" అంటే, తన కళ్ల ముందు తగల్లేదని అర్థం. పైగా అతను రోజంతా ఎంతమందికి ఆ మాట చెబుతాడో! ఇక పెద్ద ప్రైజులకు బుక్కుతో సంబంధం లేదు. లక్షల టికెట్లలో అవి నాలుగో ఐదో ఉంటాయి, మీ గ్యాస్ స్టేషన్ రోల్ ఎంతసేపటి నుంచి ఎండిపోయి ఉన్నా వాటికి పట్టదు.

టొరంటో కథ నిజమే. ఆయన పేరు మోహన్ శ్రీవాస్తవ, గనుల తవ్వకాలకు సంబంధించిన గణాంకాల నిపుణుడు. 2003లో చేతికొచ్చిన ఒక టిక్-టాక్-టో స్క్రాచ్ టికెట్ చూసి ఆలోచనలో పడ్డాడు. ఆ టికెట్‌లో కొన్ని అంకెలు గీకకముందే పైకి కనిపిస్తుంటాయి. టికెట్ మొత్తం మీద ఒక్కసారే వచ్చిన అంకెలను గుర్తుపెట్టి, అలాంటివి మూడు ఒకే వరసలో పడితే ఆ టికెట్ దాదాపుగా తగిలేదే అని ఆయన కనిపెట్టాడు. పదింట తొమ్మిది సార్లు సరిగ్గా చెప్పగలిగాడు. గీకని టికెట్లు ఇరవై తీసుకుని, తగిలేవి వేరు, తగలనివి వేరు చేసి టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రపు లాటరీ వాళ్లకే పంపిస్తే పందొమ్మిది సరిపోయాయి. ఆ గేమును షాపుల నుంచి వెనక్కి తెప్పించారు.

మీవారు ఈ కథలో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, శ్రీవాస్తవ కనిపెట్టగలిగింది అదృష్టంతో కాదు, ముద్రణలో దొర్లిన లోపం వల్ల. టికెట్ తన గుట్టు తానే పైకి చెప్పేసింది, ఆయన చదివాడు. 9తో ముగిసే నంబరు, రూపాయి బిళ్ల, శుక్రవారం, ఇవేవీ టికెట్ మీద ఉన్న సమాచారం కావు. రెండోది నాకు బాగా నచ్చిన సంగతి. ఈ పద్ధతితో రోజంతా షాపుల చుట్టూ తిరిగితే ఎంత వస్తుందో ఆయన లెక్కేశాడు. రోజుకు 600 డాలర్ల దాకా తేలింది. తన ఉద్యోగమే మేలనుకుని మానేశాడు. అసలు గుట్టు తెలిసినవాడే ఆడలేదమ్మా.

మీవారు చెయ్యని పని ఒకటుంది, నిజానికి ఉపయోగపడేది అదొక్కటే. టెక్సాస్ లాటరీ వెబ్‌సైట్‌లో ఒక్కో గేములో ఎన్ని పెద్ద ప్రైజులు ముద్రించారు, వాటిలో ఎన్ని ఇప్పటికే క్లెయిమ్ అయ్యాయి అన్న జాబితా ఉంటుంది. పెద్ద ప్రైజులన్నీ పోయాక కూడా ఆ గేము టికెట్లు కొంతకాలం షాపులో అమ్ముతూ ఉండవచ్చు. వర్జీనియాలో స్కాట్ హూవర్ అనే ప్రొఫెసర్ సరిగ్గా ఈ విషయం మీదే 2008లో అక్కడి లాటరీ మీద కేసు వేశారు, తను కొన్న గేములో పెద్ద ప్రైజు అప్పటికే ఎవరో పట్టుకుపోయారని. జాబితా చూసి, ఏమీ మిగలని గేము కొనకుండా ఉండటం తెలివైన పనే. అయితే దానివల్ల డాలరుకు పోయే సెంట్లు కొన్ని తగ్గుతాయి, అంతే. నష్టం లాభంగా మారదు.

టికెట్ వెనక "ఓవరాల్ ఆడ్స్ 1 ఇన్ 3.5" లాంటి అంకె కూడా చదవమనండి, అంటే సగటున మూడున్నర టికెట్లకు ఒకటి తగులుతుందని. పెట్టిన డబ్బు పెట్టినట్టు వెనక్కి వచ్చిన టికెట్లను కూడా టెక్సాస్‌లో అందులో గెలుపు కిందే లెక్కవేస్తారు. పది డాలర్ల టికెట్‌కు పది వస్తే మనం గెలవలేదు, ఒక టికెట్ ఫ్రీగా గీకామంతే. 100 డాలర్ల స్క్రాచ్ టికెట్ దేశంలో మొదట వచ్చింది కూడా టెక్సాస్‌లోనే, 2022లో. అందులో వెనక్కి వచ్చే శాతం కాస్త మెరుగని ఎవరైనా చెబితే మీవారు దాని జోలికి పోకుండా చూడండి. శాతం మెరుగైనా పోయే డాలర్లు ఎక్కువ.

రాహుకాలం గురించి ఒక చిన్న తమాషా. మీవారు రాహుకాలంలో ఎప్పుడూ కొనలేదు కదా, మరి ఆ గంటన్నరలో తగలదని ఆయన ఎక్సెల్‌కి ఎలా తెలుస్తుంది? కొనని టికెట్లకు అందులో వరస లేదు. నమ్మకాలు ఎప్పటికీ ఓడిపోకపోవడానికి ఇదే కారణం, వాటికి పరీక్ష రాసే అవకాశమే ఇవ్వం. పైగా శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు అని కంఠతా పట్టి ఆ టైమే ఇర్వింగ్‌లోనూ పాటిస్తుంటే, పంచాంగం ప్రకారం చూసినా అది తప్పే. రాహుకాలం ఏ ఊరి సూర్యోదయాన్ని బట్టి ఆ ఊరికి లెక్కకట్టాలి. రూపాయి బిళ్లతో మాత్రం నాకే గొడవా లేదు. గీకడానికి ఏదో ఒకటి కావాలి, బూడిదరంగు పొడి గోళ్లలో ఇరుక్కోకుండా ఉంటుంది.

"నువ్వు కార్లో కూర్చో" అన్నది మాత్రం వేరే సంగతి. మూడున్నర టికెట్లకు ఒకటి తగిలే ఆటలో, అదీ అసలు తిరిగిరావడాన్ని కూడా గెలుపుగా లెక్కేస్తే, వరసగా ఐదారు పోవడం మామూలు విషయం. ప్రతి టికెట్ దేనికదే అనుకుంటే, మూడున్నరకు ఒకటి చొప్పున వరసగా ఐదు పోయే అవకాశం దాదాపు ఐదింట ఒకటి. ఆ రోజు పక్కన ఎవరు నిలబడితే వాళ్లు అపశకునం అయ్యేవారు. మీరు నిలబడ్డారు. ఆయన ఒంటరిగా వెళ్లిన శుక్రవారాల్లో పోయిన టికెట్లన్నీ ఎక్సెల్‌లోనే ఉన్నాయి, వాటికి ఎవర్ని కార్లో కూర్చోబెట్టాలి? మిగతా నమ్మకాలకు ఖర్చు డాలర్లలో పోతుంది. ఇది మీ మనసును గుచ్చే నమ్మకం, భార్యను దురదృష్టం కింద జమకట్టే నమ్మకం. దీన్ని ఈ శుక్రవారంతోనే ఆపమని ఆయనకు చెప్పండి. కావాలంటే ఈ పేరా చూపించండి.

మీరు గొడవ పడాల్సింది సిస్టమ్ గురించి కాదు. నమ్మకం మీద వాదన మొదలైతే ఆయన ఆ 500 డాలర్ల రోజును తెస్తారు, మీ దగ్గర దానికి జవాబుండదు. ఎక్సెల్‌లో ఇంకో కాలమ్ పెట్టించండి: మొదటి రోజు నుంచి ఈ రోజుకు చేతిలో మిగిలిందెంత, పోయిందెంత. ప్రతి వరసలో ఆ ఒక్క అంకె కనబడాలి. ఇంకో పని, గీకకముందు ప్రతి టికెట్ మీద పెన్నుతో "తగులుతుంది" లేదా "తగలదు" అని రాయమనండి. ఆయన సిస్టమ్‌కు నిజంగా తెలిస్తే ముందే తెలియాలి. కొన్ని నెలలు రాస్తే చాలు, వాదన దానంతటదే చల్లారుతుంది. నాలుగు టికెట్లకు ఆపి తీర్పు చెప్పకండి, నాలుగింట్లో ఎవరికైనా ఏదైనా జరుగుతుంది.

నెలకు ఇంత అని ఇద్దరూ కూర్చుని అనుకోండి. గెలిచింది అదే రోజు మళ్లీ పెట్టకూడదన్న ఒక్క షరతు పెట్టుకుంటే మీ లెక్కలో ఏడాదికి పోయే వెయ్యిలో చాలా భాగం మిగులుతుంది. నెలకు 85 డాలర్లు పోయే సరదా మీ సంసారాన్ని కూల్చేదేం కాదు, అందుకని టెన్షన్ పడకండి. కానీ క్రెడిట్ కార్డు మీద కొనడం, మీకు చెప్పకుండా దాచడం, పోయింది రాబట్టాలని ఇంకా కొనడం, ఈ మూడింటిలో ఏది కనబడినా అది సరదా కాదు. అప్పుడు 1-800-426-2537కు ఫోన్ చెయ్యండి. జూదం అలవాటు నుంచి బయటపడాలనుకునే వాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ కూడా అది పనికొస్తుంది.

ఒకవేళ నిజంగానే పెద్దది తగిలితే, టికెట్ వెనక సంతకం చేసి ఫోటో తీసి ఉంచమనండి. షాపులో స్కాన్ చేయించే ముందు ఎంత తగిలిందో తనే చూసుకోవాలి. ఒంటారియోలో దుకాణదారులే కస్టమర్ల గెలుపు టికెట్లు కొట్టేసిన వ్యవహారం 2007లో అక్కడి అంబుడ్స్‌మన్ (ప్రజల ఫిర్యాదులు విచారించే అధికారి) నివేదిక దాకా వెళ్లింది. 5,000 డాలర్లు దాటిన ప్రైజులో 24 శాతం ఫెడరల్ ట్యాక్స్ కింద ముందే పట్టుకుంటారు. టెక్సాస్‌కు రాష్ట్ర ఆదాయపన్ను లేదు కాబట్టి అక్కడికి అంతే.

ఇక మీ అత్తగారి కారు. ఫోన్ చేసి వెంటనే చెప్పండి: ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఆమె ఎవరి దగ్గరా టికెట్ కొనలేదు, ఏ పోటీలోనూ పేరివ్వలేదు. అయినా కార్డు వచ్చింది, గీకితే కారు వచ్చింది. ఆ కార్డులు ఎవరు గీకినా కారే వస్తుంది, అన్నీ తగిలేలాగే అచ్చువేస్తారు. ముందు ట్యాక్స్ అంటారు, కట్టాక ప్రాసెసింగ్ ఫీజు, ఆ తర్వాత ఇన్సూరెన్స్, ఇలా కట్టినకొద్దీ అడుగుతూనే ఉంటారు. ఆధార్ జిరాక్స్, బ్యాంకు పాస్‌బుక్ ఫోటో ఇప్పటికే వాట్సాప్‌లో పంపించేశారేమో నెమ్మదిగా అడగండి, కోప్పడితే దాస్తారు. పంపి ఉంటే బ్యాంకుకు వెళ్లి చెప్పాలి. డబ్బు కూడా వెళ్లిపోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఆ కవరు, కార్డు పారెయ్యొద్దనండి, ఫిర్యాదుకు అవి కావాలి.